లూయిస్-క్లార్క్ యాత్రలో మామూలు సిపాయి బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో బడికెళ్ళే మన పిల్లలు ఏదో ఒక తరగతిలో ఈ యాత్ర గురించి చదువుతారు. ఇంటికొచ్చి మనల్ని అడుగుతారు. పుస్తకాల్లో "లూయిస్, క్లార్క్ నదిని ఎదురీది కొండలు దాటారు" అని ఉంటుంది. నదిలో దిగి పడవ లాగిందెవరో, కొండ మీద ఆకలికి గుర్రప్పిల్లను కోసుకు తిన్నదెవరో అందులో తక్కువగా కనిపిస్తుంది. ఆ మనుషుల గురించి నన్ను అడిగిన ప్రశ్నలనూ, నాలో నేను వేసుకున్న ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు ఈ యాత్ర ఏమిటి? క్లుప్తంగా చెప్పండి.

1803లో అమెరికా ప్రభుత్వం ఫ్రాన్సు దగ్గర లూసియానా అనే పెద్ద భూభాగాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నది. మిస్సోరీ నది వెంట పైకి వెళ్ళి, కొండలు దాటి, పసిఫిక్ సముద్రం దాకా దారి కనుక్కోమని అధ్యక్షుడు జెఫర్సన్ సైన్యం నుంచి ఒక దళాన్ని పంపాడు. నాయకులు మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్. 1804 మే 14న బయలుదేరారు, 1806 సెప్టెంబరు 23న సెయింట్ లూయీకి తిరిగొచ్చారు. రానూపోనూ దాదాపు 8000 మైళ్ళు.

ఇందులో మామూలు సిపాయిలు ఎంతమంది?

బయలుదేరినప్పుడు నలభై మందికి పైనే ఉన్నారు. వాళ్ళలో కొందరు కూలికి వచ్చిన ఫ్రెంచి పడవవాళ్ళు, కొందరు మొదటి చలికాలం తర్వాత పెద్ద పడవను వెనక్కి తీసుకుపోవాల్సిన సిపాయిలు. 1805 ఏప్రిల్‌లో మాండన్ తెగ ఊళ్ళ దగ్గర నుంచి పడమటికి కదిలింది 33 మంది. ఇద్దరు కెప్టెన్లు, ముగ్గురు సార్జెంట్లు, 23 మంది సిపాయిలు, దుబాసీలు జార్జ్ డ్రూయర్, షార్బొనో, షార్బొనో భార్య సకాజవియా, ఆమె చంకలో రెండు నెలల పసివాడు, క్లార్క్ బానిస యార్క్.

క్లార్క్ నిజానికి కెప్టెన్ కాడు. సైన్యం అతనికి లెఫ్టినెంట్ హోదానే ఇచ్చింది. లూయిస్ ఆ సంగతిని సిపాయిల చెవిన పడనివ్వలేదు, యాత్ర పొడుగునా ఇద్దరినీ కెప్టెన్లనే పిలిచారు.

వీళ్ళను ఎలా ఎంచుకున్నారు? వీళ్ళెందుకు ఒప్పుకున్నారు?

పెళ్ళి కాని, ఒళ్ళు గట్టిగా ఉన్న, అడవికి అలవాటుపడిన వేటగాళ్ళు కావాలని లూయిస్ అడిగాడు. ఉద్యోగం కోసం వచ్చే పెద్దింటి కుర్రాళ్ళు వద్దన్నాడు. కొందరు కెంటకీ నుంచి వచ్చారు, కొందరు కాస్కాస్కియా, మాసాక్ లాంటి సరిహద్దు కోటల్లో పనిచేస్తున్నవాళ్ళు. కమ్మరి పనికి జాన్ షీల్డ్స్, వడ్రంగానికి పాట్రిక్ గాస్, ఫిడేలుకు పియెర్ క్రుజాట్. అందరికంటే చిన్నవాడు జార్జ్ షానన్, ఇరవై కూడా నిండలేదు.

ఎందుకొచ్చారో చెప్పడానికి ఒక ఉత్తరం మిగిలింది. సార్జెంట్ జాన్ ఆర్డ్‌వే 1804 ఏప్రిల్‌లో అమ్మానాన్నలకు రాశాడు: ఏరికోరి తీసుకున్న మనుషుల్లో తానూ ఒకడినైనందుకు ఎంతో సంతోషంగా ఉందని, నెలకు 15 డాలర్లు వస్తాయని, తిరిగొచ్చాక కనీసం 400 ఎకరాల మేలైన భూమి ఇస్తారని. ఒక పల్లెటూరి కుర్రాడు కొత్త ఉద్యోగం దొరికి ఇంటికి రాసిన ఉత్తరం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఆ 15 డాలర్లూ, 400 ఎకరాలూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికే వస్తాం.

మరి జీతం ఎంత?

సిపాయికి నెలకు 5 డాలర్లు. సార్జెంటుకు 8. దుబాసీ, వేటగాడు అయిన డ్రూయర్‌కు 25. కెప్టెన్ జీతం 40. దారిలో చేతికి డబ్బిచ్చేవాళ్ళు లేరు, ఇచ్చినా కొనడానికి అంగడి లేదు. లెక్కంతా తిరిగొచ్చాకే. 33 నెలల పైచిలుకు కొలువుకు ఒక సిపాయి చేతికొచ్చిన మూల జీతం 166 డాలర్ల 66 సెంట్లు.

రోజూ చేసే పని ఏమిటి?

పడవ లాగడం. అన్నిటికంటే ముందు ఇదే చెప్పాలి, ఎందుకంటే బొమ్మల్లో దీన్ని ఎవరూ వెయ్యరు. కొండ మీద నిలబడి దూరానికి చెయ్యి చూపించే ఇద్దరు కెప్టెన్లే బొమ్మల్లో ఉంటారు.

మొదటి ఏడాది ఉన్నది 55 అడుగుల పెద్ద పడవ ఒకటి, రెండు చిన్న పడవలు. మిస్సోరీ ఎప్పుడూ బురదతో, కొట్టుకొచ్చే మాన్లతో, తెగిపడే గట్లతో పరిగెత్తే నది. దానికి ఎదురు పోవాలి. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే తెడ్లు వేసేవాళ్ళు. లోతు తక్కువైతే గడలు భుజానికి ఆనించి, పడవ అంచు వెంట వెనక్కి నడుస్తూ నెట్టేవాళ్ళు. అదీ కుదరకపోతే మోకు కట్టుకుని నీళ్ళలోనో గట్టు మీదనో నడిచి లాగేవాళ్ళు. పదిహేను మైళ్ళు సాగితే అది మంచి రోజు. తిరుగు ప్రయాణంలో వాలునీటికి అదే నది మీద రోజుకు డెబ్బై మైళ్ళు కూడా వచ్చారు. ఆ తేడా అంతా పోయేటప్పుడు సిపాయిల భుజాల మీద పడిందే.

1805 మే చివర్లో, ఇప్పటి మోంటానాలో తెల్లటి ఇసుకరాతి గోడల మధ్య నది సాగేచోట, లూయిస్ తన డైరీలో ఆగి మరీ వీళ్ళ గురించి రాశాడు. చంకల దాకా చన్నీళ్ళు. ఒడ్డున బురద ఎంత జారుడంటే చెప్పులతో అడుగు నిలవదు, విప్పితే పదునైన రాళ్ళు పాదాలు కోస్తాయి. ఉన్న మోకు ఎల్క్ దుప్పి తోలుతో పేనింది, నాని నాని కుళ్ళిపోయి లాగుతుండగానే తెగిపోతుంది. ఇంత బాధనూ ఈ నమ్మకస్థులు ఒక్క గొణుగుడు లేకుండా భరిస్తున్నారని రాశాడు. యాత్ర డైరీల్లో ఒక్క పేజీ చదవాలనుకుంటే ఆ రోజుది చదవండి.

పెద్ద పడవలో సార్జెంట్లకు ఎవరి చోటు వారిదే. ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు నడిమధ్య, ఒకరు ముందు కొసన. పొద్దుగూకాక గుడారాలు వెయ్యాలి, వంట చెయ్యాలి, రాత్రి కాపలా కాయాలి, తుపాకీ తుడవాలి.

ఏం తినేవాళ్ళు?

యాత్ర మొదట్లో కెప్టెన్లు వంతులు పెట్టారు. ఒక రోజు క్షారంలో నానబెట్టి పొట్టు తీసిన మొక్కజొన్న, కొవ్వు. మర్నాడు పందిమాంసం, గోధుమపిండి. మూడో రోజు మొక్కజొన్నపిండి, పందిమాంసం. వేటమాంసం దొరికిన రోజున ఉప్పు పందిమాంసం తియ్యకూడదు. దళాన్ని కూటాలుగా విడగొట్టి, ఒక్కో కూటానికి ఒక వంటమనిషిని పెట్టారు. సాయంత్రం ఆర్డ్‌వే తూచి ఇచ్చేవాడు. అప్పుడు వండుకుని కొంత తిని, మిగిలింది మర్నాటికి దాచుకోవాలి. పగలు వంట లేదు.

ఆ వంతులు ఎన్నాళ్ళో సాగలేదు. బైసన్ (అమెరికా అడవిదున్న) మందలుండే మైదానాల్లోకి వచ్చాక బతుకంతా మాంసమే. దళానికి ఒక రోజు కడుపునిండా పెట్టాలంటే నాలుగు జింకలు కావాలి, లేదా ఒక ఎల్క్, ఒక జింక, లేదా ఒక బైసన్ అని లూయిస్ లెక్క రాశాడు. ఇంత తిండి ఎలా తినేవాళ్ళని చాలామంది అడుగుతారు. రోజంతా చన్నీళ్ళలో మోకు లాగిన ఒంటికి అది ఎక్కువ కాదు.

అసలు కరువు 1805 సెప్టెంబరులో బిటర్‌రూట్ కొండల్లో పట్టుకుంది. వేట లేదు. 16న మంచు కురిసింది. అంతకు రెండు రోజుల ముందే ఒక గుర్రప్పిల్లను కోసుకున్నారు. ఆ పక్కనున్న వాగుకు గుర్రప్పిల్లను చంపిన వాగు అనే పేరు పెట్టారు. ఫిలడెల్ఫియాలో లూయిస్ కొని తెచ్చిన 193 పౌన్ల గట్టిపడ్డ సూపు ఉంది. మాంసం రసాన్ని ముద్దయ్యేదాకా కాచిన సరుకు, మంచు కరిగించి అందులో కలుపుకు తాగడమే. సిపాయిలకు అది అస్సలు నచ్చలేదు. 18వ తేదీకి ఆ సూపు కొంచెం, కాస్త ఎలుగు నూనె, సుమారు 20 పౌన్ల కొవ్వొత్తులు, తిండి సామాను అంతే మిగిలిందని లూయిస్ రాశాడు. కొవ్వొత్తుల్ని తిండి లెక్కలో వేసుకునే దశకు వచ్చారన్నమాట.

కొండ దిగాక నెజ్ పెర్స్ తెగవాళ్ళు ఎండు సాల్మన్ చేపలు, కమాస్ దుంపలు పెట్టారు. ఖాళీ కడుపుతో ఆబగా తిన్నారు. అందరికీ కడుపులు చెడి, రోజుల తరబడి లేవలేకపోయారు. ఆ తర్వాత కొలంబియా నది వెంట చేప తిని విసిగిపోయి కుక్కల్ని కొని తిన్నారు. సిపాయిలు అలవాటుపడ్డారు, క్లార్క్ మాత్రం చివరిదాకా పడలేదు.

మందు దొరికేదా?

దొరికేది. రోజుకు ఒక గిల్లు విస్కీ, అంటే దాదాపు 120 మిల్లీలీటర్లు. కష్టపడిన రోజున ఇంకొంచెం. ఆఖరి చుక్క 1805 జులై 4న, స్వాతంత్ర్య దినం నాడు అయిపోయింది. ఆ తర్వాత ఏడాదికి పైగా నీళ్ళే. పొగాకు కూడా కరువైంది. 1806 మార్చికి 33 మందిలో ఏడుగురే పొగాకు అలవాటు లేనివాళ్ళని లూయిస్ లెక్కపెట్టాడు. మిగతావాళ్ళు అడవి యాపిల్ చెట్టు బెరడు నమిలారు.

తప్పు చేస్తే శిక్షలు ఎలా ఉండేవి?

కఠినంగా ఉండేవి. ఆనాటి సైన్యపు చట్టం అలాంటిది.

జాన్ కాలిన్స్ సంగతి చూడండి. బయలుదేరిన మూడో రోజు, సెయింట్ చార్లెస్ ఊళ్ళో నాట్యసభలో తప్పుగా ప్రవర్తించి, కెప్టెన్ మాటకు ఎదురు చెప్పినందుకు 50 కొరడా దెబ్బలు. ఆరు వారాల తర్వాత, కాన్సస్ నది కలిసే చోట, రాత్రి విస్కీ పీపాకు కాపలా ఉండి తానే తాగాడు. తోటి సిపాయి హ్యూ హాల్‌కూ పోశాడు. విచారణకు కూర్చున్నది కెప్టెన్లు కాదు, సార్జెంట్ ప్రయర్ పెద్దగా ఉన్న సాటి మనుషులే. కాలిన్స్‌కు 100, హాల్‌కు 50 పడ్డాయి. మరుసటి రోజు ఆ వీపులతోనే మళ్ళీ తెడ్లు పట్టాలి. ఆ పీపాలో అందరి వంతూ ఉందని గుర్తుంచుకుంటే, సాటి సిపాయిలు ఎందుకు కనికరించలేదో తెలుస్తుంది.

కాపలాలో నిద్రపోవడం ఇంకా పెద్ద నేరం, దానికి మరణశిక్ష కూడా వెయ్యొచ్చు. అందుకే అలెగ్జాండర్ విల్లర్డ్‌ను కెప్టెన్లే విచారించారు. 100 దెబ్బలు, నాలుగు సాయంత్రాలకు పంచి, రోజుకు 25.

మోజెస్ రీడ్ పారిపోయి దొరికాడు. దళమంతా రెండు వరుసల్లో తలా తొమ్మిది బెత్తాలు పట్టుకుని నిలబడితే, వాళ్ళ మధ్య నుంచి నాలుగు సార్లు పరిగెత్తాలి. అది 1804 ఆగస్టు 18. అదే రోజు లూయిస్ పుట్టినరోజు. ఆ సాయంత్రమే అదనంగా ఒక గిల్లు విస్కీ పోసి, రాత్రి పదకొండు దాకా నాట్యం చేశారు. ఈ రెండూ ఒకే రోజు డైరీలో పక్కపక్కన ఉంటాయి. నేను ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

ఇంకొకటి చెప్పాలి. కాలిన్స్‌కు శిక్ష వేసిన ఆ సాటి సిపాయిల్లో జాన్ న్యూమన్ ఒకడు. అక్టోబరులో తిరుగుబాటు మాటలు మాట్లాడాడని అతనికే 75 దెబ్బలు వేసి దళం నుంచి తీసేశారు. అది చూస్తూ నిలబడ్డ అరికరా తెగ పెద్ద బిగ్గరగా ఏడ్చాడు. మా వాళ్ళు చిన్నపిల్లల్ని కూడా కొట్టరని చెప్పాడు. న్యూమన్ ఆ చలికాలమంతా గొడ్డు చాకిరీ చేసి మళ్ళీ తీసుకోమని అడిగాడు. తీసుకోలేదు. కానీ తర్వాత అతనికీ డబ్బు ఇవ్వాలని లూయిస్ సిఫారసు చేశాడు.

ఆఖరి కోర్టు మార్షల్ (సైనిక విచారణ) 1805 ఫిబ్రవరిలో, చలికాలానికి కట్టుకున్న కోట గోడ దూకినందుకు థామస్ హోవర్డ్ మీద. 50 దెబ్బలు అన్నారు, మాఫీ చేశారు. ఆ తర్వాత ఏడాదిన్నర కొరడా బయటికి రాలేదు. అప్పటికి వాళ్ళు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతకడం నేర్చుకున్నారని నా నమ్మకం.

జబ్బు చేస్తే వైద్యుడు ఉన్నాడా?

లేడు. కెప్టెన్లే వైద్యులు. సెగగడ్డలు, జిగట విరేచనాలు, కళ్ళ మంటలు నిత్యం ఉండేవి. ఫిలడెల్ఫియాలో పేరుమోసిన డాక్టర్ బెంజమిన్ రష్ తయారుచేసిన మాత్రలు 50 డజన్లు తెచ్చారు. వాటిలో పాదరసం కలిసిన కాలొమెల్, జాలప్ అనే వేరు. రెండూ భేది మందులే. పిడుగులు పడినట్టు పనిచేసేవట. సుఖరోగాలకూ పాదరసమే. మోంటానాలో ట్రావెలర్స్ రెస్ట్ అనే మజిలీని ఇంతకాలం తర్వాత తవ్వితే, మరుగుగుంట ఉన్నచోట మట్టిలో పాదరసం జాడ దొరికింది. వాళ్ళు సరిగ్గా ఎక్కడ దిగారో తేల్చింది ఆ మందే.

నిజంగా ఒక్కడే చనిపోయాడా?

ఒక్కడే. సార్జెంట్ చార్లెస్ ఫ్లాయిడ్, 1804 ఆగస్టు 20న, ఇప్పటి అయోవాలోని సూ సిటీ దగ్గర. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. కడుపునొప్పి, వాంతులు. అపెండిక్స్ చిట్లి ఉంటుందని ఈనాటి వైద్యులు అనుకుంటారు. అదే అయితే ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ ఆస్పత్రిలో ఉన్నా బతికేవాడు కాదు. సైనిక మర్యాదలతో గుట్ట మీద పాతిపెట్టారు. అతని చోటికి గాస్‌ను సార్జెంటుగా ఎన్నుకున్నది సిపాయిలే, ఓటు వేసి.

చలి ఎలా తట్టుకున్నారు?

మొదటి చలికాలం ఇప్పటి నార్త్ డకోటాలో, మాండన్ ఊళ్ళ పక్కన కట్టుకున్న కోటలో గడిపారు. 1804 డిసెంబరు 17 పొద్దున క్లార్క్ చూసిన ఉష్ణోగ్రత సెల్సియస్‌లో చెబితే మైనస్ 43. బయట కాపలా ఉన్నవాణ్ణి గంటకోసారి మార్చాల్సి వచ్చింది. వేటకు వెళ్ళినవాళ్ళ కాళ్ళవేళ్ళు, చేతులు, చెవులు గడ్డకట్టాయి.

ఆ చలికాలం వాళ్ళను బతికించింది మాండన్, హిదట్సా ఆడవాళ్ళు పండించిన మొక్కజొన్న. దానికి బదులుగా షీల్డ్స్ కొలిమి పెట్టి యుద్ధగొడ్డళ్ళు చేశాడు, విరిగిన పనిముట్లు అతికాడు. పాడైపోయిన పొయ్యి ఇనుపరేకును నాలుగంగుళాల చదరాలుగా కోస్తే, ఒక్కో ముక్కకు ఏడెనిమిది గ్యాలన్ల మొక్కజొన్న వచ్చింది. దళం మొత్తం ఆ చలికాలంలో ఒక కమ్మరికి రుణపడింది.

గ్రేట్ ఫాల్స్ గురించి అందరూ ఎందుకు చెబుతారు?

యాత్ర మొత్తంలో ఒళ్ళు హూనమైన చోటు అదే. అక్కడ మిస్సోరీ వరసగా అయిదు జలపాతాలై దూకుతుంది. పడవలు పోవు. నేల మీద 18 మైళ్ళు మోసుకెళ్ళాలి. ఒక కాటన్‌వుడ్ మాను పడగొట్టి, దాన్ని అడ్డంగా కోసి చక్రాలు చేశారు. ఇరుసులకు పడవ తెరచాప కొయ్యను వాడారు. ఆ బండ్ల మీద ఆరు దోనెల్ని ఎక్కించి మనుషులే లాగారు.

నేల నిండా నాగజెముడు. మన పొలంగట్ల మీది నాగజెముడును ఒకసారి తొక్కినవాళ్ళకు వివరించక్కర్లేదు. చెప్పులకు రెండేసి అట్టలు కుట్టుకున్నా ముళ్ళు దిగేవి. వానకు బైసన్లు తొక్కిన బురద ఎండి, రాతిమొనల్లా నిలబడింది. గడ్డిదుబ్బుల్ని, రాళ్ళను చేతులతో పట్టుకుని ఒంగి లాగేవాళ్ళు. ఆగమన్న క్షణంలో ఉన్నచోటే పడి నిద్రపోయేవాళ్ళు, కొందరు సొమ్మసిల్లేవాళ్ళు. ఒక రోజు మంచి గాలి వీస్తే బండి మీది దోనెకు తెరచాప ఎత్తారు, ఎండిన నేల మీద. జూన్ 29న వడగళ్ళ వాన కురిసింది. ఎండకు చొక్కాలు తీసేసి లాగుతున్న మనుషులు దెబ్బలకు కిందపడ్డారు, నెత్తురు కారుతూ తిరిగొచ్చారు.

ఇంతా చేసి, లూయిస్ ఎంతో ముచ్చటపడి తెచ్చిన మడత ఇనుప పడవ పనిచెయ్యలేదు. చట్రానికి 28 ఎల్క్ తోళ్ళు, 4 బైసన్ తోళ్ళు కప్పారు. అతుకులకు పూయడానికి దేవదారు జిగురు ఆ మైదానంలో దొరకలేదు. జులై 9న నీళ్ళలో దించితే కారిపోయింది. దాన్ని పాతిపెట్టి, మళ్ళీ గొడ్డళ్ళు పట్టుకుని రెండు దోనెలు తొలిచారు. ఎవరు తొలిచారో వేరే చెప్పాలా?

బట్టలు, చెప్పులు ఎన్నాళ్ళు వచ్చాయి?

సైన్యం ఇచ్చిన ఉన్ని, నార బట్టలు మొదటి ఏడాదే చీలికలయ్యాయి. ఆ తర్వాత అంతా తోలే. తోలు తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుసుకుంటుంది, నానితే కుళ్ళుతుంది. 1806 మార్చిలో సముద్రతీరం వదిలేముందు సిపాయిలు కుట్టుకున్న మొకాసిన్ చెప్పుల్ని గాస్ లెక్కరాశాడు: 338 జతలు.

తుపాకీమందు తడిసిపోలేదా?

లూయిస్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినది ఇది. 176 పౌన్ల మందును 52 సీసపు డబ్బాల్లో పోసి మూతలు బిగించాడు. ఒక డబ్బాలోని మందు అయిపోయాక, ఆ డబ్బా సీసాన్నే కరిగించి గుండ్లు పోసుకోవాలి. ఒక్కో డబ్బాలో దానికి సరిపడా మందే ఉంటుంది. పడవ మునిగినా, డబ్బా నదిలో పడినా లోపల పొడిగానే ఉండేది. మిగతావన్నీ అయిపోయి, చివరికి దుంపలు కొనడానికి కెప్టెన్ల కోట్ల గుండీలు కోసి మెక్నీల్, యార్క్ చేతికి ఇచ్చి పంపారు కానీ, మందుకూ గుండ్లకూ లోటు రాలేదు.

ఎలుగుబంట్ల కథలు నిజమేనా?

నిజమే. ఆరుగురు వేటగాళ్ళు కలిసి వెళ్ళి ఒక గ్రిజ్లీని కాలిస్తే అది పడకుండా వాళ్ళనే తరిమింది, ఇద్దరు గట్టు మీది నుంచి నదిలోకి దూకారు. ఎనిమిది గుండ్లు తిన్నాక చచ్చింది. తిరుగు ప్రయాణంలో హ్యూ మెక్నీల్ గుర్రం మీద పోతూ పొదలో ఉన్న ఎలుగుకు ఎదురుపడ్డాడు. గుర్రం బెదిరి కింద పడేసింది. తుపాకీ పేల్చే వ్యవధి లేక దాని నెత్తి మీద మోదాడు, తుపాకీ విరిగింది. అది తేరుకునేలోపు చెట్టెక్కాడు. మూడు గంటలు అది కిందే కూర్చుంది. ఈ మెక్నీలే అంతకు ముందు ఏడాది మిస్సోరీ పుట్టేచోట, సన్నటి పాయకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, ఈ నదిని ఇలా దాటేదాకా బతికించినందుకు దేవుడికి దండం పెట్టాడు. పదిహేను నెలలు దానితో పెనుగులాడినవాడికి ఆ మాత్రం సంబరం ఉండదా!

తప్పిపోయినవాళ్ళు లేరా?

షానన్. 1804 ఆగస్టులో గుర్రాల్ని వెతకబోయి, పడవలు తనను దాటిపోయాయనుకుని ముందుకు ముందుకు పరిగెత్తాడు. అవి అతని వెనకే వస్తున్నాయి. పదహారు రోజులు. గుండ్లు అయిపోతే పుల్లముక్క తుపాకీలో పెట్టి ఒక కుందేలును కొట్టాడు. మిగతాదంతా అడవి ద్రాక్షే. ఇక నడవలేక ఒడ్డున కూలబడితే పడవలు వచ్చి చేరాయి.

సరదాలు ఉండేవా?

క్రుజాట్ ఫిడేలు ఉండేది. ఒంటికన్ను మనిషి, పడవ నడపడంలో ఆరితేరినవాడు. అతను వాయిస్తే సిపాయిలు ఒకరితో ఒకరు జతకట్టి ఆడేవాళ్ళు, తెగల ఊళ్ళలో జనం గుమిగూడి చూసేవాళ్ళు. ఈ క్రుజాటే 1806 ఆగస్టులో తోలు బట్టల్లో ఉన్న లూయిస్‌ను ఎల్క్ అనుకుని పిరుదుల్లో కాల్చాడు. లూయిస్ కొన్నాళ్ళు పడవలో బోర్లా పడుకుని ప్రయాణించాడు.

సముద్రం చేరాక ఏం చేశారు?

తడిశారు. ఇప్పటి ఒరెగాన్‌లో ఫోర్ట్ క్లాట్సాప్ దగ్గర 106 రోజులుంటే, వాన పడనివి 12 రోజులే. వేటాడిన ఎల్క్ మాంసం పొగపెట్టినా కుళ్ళేది. 1805 క్రిస్మస్ నాడు తిన్నది చెడిన ఎల్క్, చేప, కొన్ని దుంపలు. గాస్ లెక్క ప్రకారం ఆ చలికాలం 131 ఎల్కులు, 20 జింకలు కొట్టారు. కొందరిని సముద్రపు ఒడ్డుకు పంపి, అయిదు కుండల్లో రాత్రింబవళ్ళు ఉప్పునీరు కాయించారు. రోజంతా కాస్తే ఒక గ్యాలను లోపు ఉప్పు.

ఆ మకాం ఎక్కడ వెయ్యాలో 1805 నవంబరు 24న ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. ఆ పట్టీలో సిపాయిలతో పాటు యార్క్ మాటా ఉంది, సకాజవియా మాటా ఉంది.

తిరిగొచ్చాక సిపాయిలకు ఏం దక్కింది?

1807 మార్చిలో కాంగ్రెస్ చట్టం చేసి అందరికీ జీతం రెట్టింపు చేసింది. మనిషికి 320 ఎకరాల పట్టా ఇచ్చింది. కెప్టెన్లకు 1600. ఆర్డ్‌వే ఇంటికి రాసింది 400 ఎకరాలు కదా. చాలామంది ఆ పట్టాల్ని ఎవరికో అమ్మేసుకున్నారు. అసలు ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న చట్టంలో లేదు. చలికాలంలో మొక్కజొన్న ఇచ్చినవాళ్ళను, కొండ దిగినప్పుడు కడుపు నింపినవాళ్ళను ఎవరూ అడగలేదు.

గాస్ 1807లో తన డైరీ అచ్చువేయించాడు, కెప్టెన్ల పుస్తకం కంటే ఏడేళ్ళు ముందు. 1870 దాకా, 98 ఏళ్ళు బతికాడు. షానన్‌కు 1807లో అరికరాలతో జరిగిన పోరులో గాయమై కాలు తీసేశారు. తర్వాత చదువుకుని లాయరయ్యాడు. జాన్ కోల్టర్ అసలు ఇంటికే రాలేదు, మాండన్ ఊళ్ళ దగ్గరే సెలవు తీసుకుని బీవర్ల వేటకు వెనక్కి కొండల్లోకి పోయాడు. జాన్ పాట్స్, డ్రూయర్ ఇద్దరూ తర్వాత మిస్సోరీ ఎగువన బ్లాక్‌ఫీట్ వాళ్ళ చేతుల్లో చనిపోయారు.

యార్క్ సిపాయేనా? అతనికి భూమి ఇచ్చారా?

సిపాయి కాడు. కానీ పడవ లాగాడు, వేటాడాడు, తుపాకీ పట్టాడు, చావబోతున్న ఫ్లాయిడ్ పక్కన కూర్చుని సేవ చేశాడు. జీతం లేదు, భూమి లేదు, జీతాల పట్టీలో పేరే లేదు. తిరిగొచ్చాక తనను విడిచిపెట్టమని క్లార్క్‌ను అడిగాడు. కుదరదంటే, భార్య ఉన్న లూయివిల్‌లో ఉండి కూలికి పనిచేసి ఆ డబ్బు పంపుతానన్నాడు. క్లార్క్ ఒప్పుకోలేదు. ఆ అడిగినందుకు అతన్ని కొట్టిన సంగతి క్లార్క్ తన అన్నకు రాసిన ఉత్తరాల్లో ఉంది. ఏళ్ళు గడిచాక విడుదల చేశానని క్లార్క్ చెప్పుకున్నాడు. 2001లో అధ్యక్షుడు క్లింటన్ యార్క్‌కు గౌరవ సార్జెంట్ హోదా ఇచ్చాడు.

ఇప్పుడు వెళ్ళి చూడగలిగింది ఏమైనా ఉందా?

సూ సిటీలో ఫ్లాయిడ్ సమాధి మీద వంద అడుగుల రాతి స్తంభం ఉంది. గ్రేట్ ఫాల్స్‌లో పెద్ద ప్రదర్శనశాల ఉంది, దోనెను గుట్ట మీదికి లాగుతున్న మనుషుల నమూనా ముందు పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ క్లాట్సాప్‌ను మళ్ళీ కట్టారు. 50 అడుగుల చదరం, మొత్తం ఏడు గదులు, వాటిలో సిపాయిలవి మూడు. వీలైతే డిసెంబరులో వెళ్ళండి. మేం వెళ్ళిన రోజు వాన. సిపాయిల గదిలో మంచాలు గోడకు రెండు వరసలుగా ఉన్నాయి, మధ్యలో పొయ్యి. మేం నలుగురం నిలబడేసరికే గది ఇరుకైంది. అందులో ఎనిమిదేసి మంది, ఈగల్లా ముసిరే గోమార్లతో, తడి తోలు బట్టలతో, మూడు నెలలు పడుకున్నారు. మా అమ్మాయి ఒక మంచం అంచున కూర్చుని, వీళ్ళ అమ్మలకు ఉత్తరాలు వెళ్ళేవా అని అడిగింది. 1805 ఏప్రిల్‌లో పెద్ద పడవ వెనక్కి వెళ్ళింది కదా, ఆ తర్వాత వెళ్ళలేదు అని చెప్పాను.